ఆసియాన్ ఒప్పందంతో పామాయిల్ రైతుకు ఒరిగిందేమిటి? కూటమి ఒప్పందాలతో బాగుపడ్డవారెవరు?

గెలలరైతు_ద్వారకాతిరుమల
2025 మే 30న కేంద్రం ముడి పామాయిల్ మీద మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. సెస్సులతో కలిపి 27.5 ఉన్నది 16.5కు దిగింది. మా ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: ఆసియాన్‌తో, అంటే అప్పట్లో పది ఆగ్నేయాసియా దేశాల కూటమితో, చేసుకున్న ఒప్పందం మన కొంప ముంచిందని. 2009 ఆగస్టులో బ్యాంకాక్‌లో సంతకం, 2010 జనవరి 1 నుంచి అమలు. అప్పట్లో ఆ దేశాలతో మన వాణిజ్య లోటు 5 బిలియన్ డాలర్ల దగ్గర ఉండేది. 2023–24కు 38 బిలియన్లు దాటింది. నాకు పదిహేను ఎకరాల తోట ఉంది. 2022 వేసవిలో టన్ను గెలలు ఇరవై వేలు దాటాయి. మరుసటి ఏడాది పన్నెండు, పదమూడు వేలకు పడిపోయాయి. ఒక దేశంతో బేరమాడితే ఏమిచ్చామో ఏం పుచ్చుకున్నామో తెలుస్తుంది. పది దేశాల గుంపుతో బేరమంటే ఎవరిని నిలదీయాలి? ఇలాంటి ఒప్పందాలతో ఏ దేశమైనా నిజంగా ఎదిగిందా? తెలిసినవారు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం తేవద్దు.

కర్రీపాయింట్_కామేశ్వరి
మీ గెల ధర పడితే మీకు బాధ. నూనె ధర పెరిగితే నాకు బాధ. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా ఎగుమతులు ఆపేసినప్పుడు నూనె డబ్బా కొనడానికే చెయ్యి వణికేది. మీకు ఇరవై వేలు వచ్చిన ఆ వేసవిలోనే నేను అప్పడాలు మానేశాను.

సత్తుపల్లి_కొత్తతోట
కామేశ్వరి గారూ, కూరలో అప్పడం లేకపోతే మనిషి బతుకుతాడు. మొక్క నాటాక నాలుగేళ్ళు పైసా రాకుండా ఎదురుచూసే రైతు బతికేది ఎలా? ప్రభుత్వమే పిలిచి మొక్క ఇచ్చి, ఎరువు ఇచ్చి, వరి మానుకోమంది. కాపు మొదలయ్యే వేళకు సుంకం కోసింది.

తైలం_కాకినాడ
నేను రేవు పక్క శుద్ధి కర్మాగారంలో పనిచేస్తాను. రైతు గారికి కోపం రావచ్చు కానీ మే 30 నిర్ణయం మాకు ఊపిరి. కారణం చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మన దేశానికి పామాయిల్ రెండు రూపాల్లో వస్తుంది: ముడి నూనె, శుద్ధి చేసిన నూనె. ముడి నూనె వస్తే కాకినాడ, కృష్ణపట్నంలోని కర్మాగారాలకు పని. శుద్ధి చేసినది వస్తే మాకు మిగిలేది ప్యాకెట్లు నింపడమే. కాబట్టి మా బతుకంతా ఈ రెండింటి సుంకాల మధ్య తేడా మీద ఆధారపడి ఉంటుంది. మే 30 దాకా ముడి నూనెకు 27.5, శుద్ధి చేసినదానికి 35.75. తేడా 8.25. ఇప్పుడు ముడి 16.5, రెండోది అలాగే ఉంది. తేడా 19.25 అయింది.

అటు ఇండోనేషియా తెలివి చూడండి. ముడి నూనె ఎగుమతి మీద పన్ను ఎక్కువ వేస్తుంది, శుద్ధి చేసినదాని మీద తక్కువ వేస్తుంది. అంటే తన ఫ్యాక్టరీలకు తానే దారి వేసుకుంటుంది. ఆసియాన్ ఒప్పందంలో దాన్ని ఆపే వాక్యం లేదు. ఒప్పందం మన దిగుమతి సుంకం గురించి మాట్లాడుతుంది, వాళ్ళ ఎగుమతి పన్ను గురించి కాదు.

గెలలరైతు_ద్వారకాతిరుమల
తైలం గారూ, అంటే మీకు పండుగ, మాకు దండుగ. తేడా పెంచాలంటే శుద్ధి చేసిన నూనె మీద సుంకం పెంచవచ్చు కదా? ముడి నూనె మీద కోసి తేడా చూపించడం ఎందుకు?

తైలం_కాకినాడ
మంచి ప్రశ్న. ఆసియాన్ ఒప్పందం ప్రకారం దాని మీద గరిష్ఠంగా 45 శాతం వేయవచ్చు, ఇప్పుడున్నది 35.75. పెంచడానికి చోటు ఉంది. పెంచితే కామేశ్వరి గారు ఊరుకోరు.

కర్రీపాయింట్_కామేశ్వరి
ఊరుకోను.

పాఠాలమేడమ్
కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. మొదటి టపాలో ఒక ముడి ఉంది, దాన్ని విప్పకపోతే చర్చ పక్కదారి పడుతుంది.

ఆసియాన్ ఒప్పందంలో ముడి పామాయిల్, శుద్ధి చేసిన పామాయిల్, కాఫీ, తేయాకు, మిరియాలు అనే అయిదింటినీ ప్రత్యేక ఉత్పత్తులుగా పెట్టారు. వీటికి సున్నా సుంకం ఒప్పుకోలేదు. ముడి పామాయిల్‌కు 80 శాతం నుంచి మెట్లు మెట్లుగా 37.5కు, శుద్ధి చేసినదానికి 90 నుంచి 45కు దిగాలని రాసుకున్నారు. కాఫీ, తేయాకు 100 నుంచి 45కు. మిరియాలు 70 నుంచి 50కి. ఇవి పైకప్పులు. అంతకంటే ఎక్కువ వేయకూడదు. తక్కువ వేసుకోవడం మన ఇష్టం.

ఇప్పుడు రైతు గారు ఆలోచించండి. పైకప్పు 37.5 దగ్గర ఉంటే ఈ రోజు మీ నెత్తిన ఉన్నది 16.5. 2022 ఫిబ్రవరి నుంచి 2024 సెప్టెంబరు దాకా అయితే 5.5 శాతమే. 37.5 నుంచి 5.5కు దించమని జకార్తా అడగలేదు, కౌలాలంపూర్ అడగలేదు. ఢిల్లీయే దించింది, ధరల పెరుగుదలకు భయపడి.

సత్తుపల్లి_కొత్తతోట
మేడమ్, మరి ఒప్పందానికి ఏ పాపమూ లేదంటారా?

పాఠాలమేడమ్
అలా అనలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర పామాయిల్ మీద మనం రాసుకున్న పరిమితి 300 శాతం. ఆసియాన్ ఒప్పందంతో దాన్ని మన చేతులతో మనమే 37.5 చేసుకున్నాం. ఆ ఆయుధం మళ్ళీ చేతికి రాదు. వాడతామా లేదా అన్నది వేరు సంగతి.

తైలం_కాకినాడ
ఆ పైకప్పు నిజంగా తగిలిన సందర్భం ఒకటుంది. మా ఫ్యాక్టరీలో రెండు పాళీలు ఆగిపోయిన ఏడాది కాబట్టి బాగా గుర్తు. 2018 మార్చిలో ప్రభుత్వం ముడి పామాయిల్ మీద 44, శుద్ధి చేసినదాని మీద 54 శాతం పెట్టింది. రైతుకూ మాకూ ఇద్దరికీ బాగుంది. 2019 జనవరి 1 రాగానే ఆసియాన్ ఒప్పందంలో ఆ ఏటి మెట్టు గడువు మోగింది: ముడిది 40, రెండోది 50. మలేషియాతో మనకు విడిగా ఇంకో ఒప్పందం ఉంది, 2011 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మలేషియా శుద్ధి చేసిన నూనెకు 45. అంటే మలేషియా దగ్గర తేడా 5 శాతమే మిగిలింది. ఇక ఓడలకు ఓడలు శుద్ధి చేసిన నూనె దిగింది. సెప్టెంబరులో మలేషియా సరుకు మీద రక్షణ సుంకం 5 శాతం వేశారు. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతినే పరిమితుల జాబితాలో పెట్టారు.

కూటమితో ఒకటి, కూటమిలోని ఒక దేశంతో విడిగా ఇంకొకటి. రెండింటిలో ఎవరికి ఏది లాభమో ఆ కాగితం తెస్తారు. మనం రెండు తలుపులు తీసి ఒకదానికే కాపలా పెట్టినట్టు.

బగాన్‌దాతో_మనవరాలు
మలేషియా పేరు వచ్చింది కాబట్టి ఇటునుంచి ఒక మాట. మాది పేరాక్‌లోని బగాన్ దాతో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు కూలీగా వచ్చారు. అప్పుడు కొబ్బరి, రబ్బరు. ఇప్పుడు చుట్టూ పామాయిలే. ఇక్కడ తెలుగు ఇళ్ళు చాలానే ఉన్నాయి, పెద్దవాళ్ళు ఇంకా మన భాషే మాట్లాడతారు.

మీరు "మలేషియా లాభపడింది" అంటున్నారు. మలేషియాలో ఎవరు? 2020 జనవరిలో మీ ప్రభుత్వం శుద్ధి చేసిన నూనెను ఆపింది పూర్తిగా వాణిజ్యం కోసమే అని ఇక్కడ ఎవరూ నమ్మలేదు. అంతకుముందు కశ్మీర్ మీద మా అప్పటి ప్రధాని మహతీర్ అన్న మాటలే కారణమని అందరూ చెప్పుకున్నారు. దెబ్బ పడింది మాత్రం గెలలు అమ్ముకునే చిన్న తోటల వాళ్ళకు. మా మేనమామకు అయిదు ఎకరాలు ఉంది. ఆయనకూ ద్వారకాతిరుమల రైతు గారికీ తేడా ఏమీ లేదు, ఇద్దరూ ఫ్యాక్టరీ చెప్పిన ధర తీసుకునేవాళ్ళే.

గెలలరైతు_ద్వారకాతిరుమల
అమ్మా, మీ మేనమామకు ఎకరానికి ఎంత దిగుబడి? నీళ్ళు పెట్టాలా?

బగాన్‌దాతో_మనవరాలు
నీళ్ళు పెట్టడమా! ఇక్కడ వాన ఎప్పుడు ఆగుతుందా అని చూస్తాం. కాలువల్లో నీళ్ళు బయటికి తోడడమే ఖర్చు. కోత కూలీలు మాత్రం దొరకరు. ఇండోనేషియా, బంగ్లాదేశ్ నుంచి రావాలి.

గెలలరైతు_ద్వారకాతిరుమల
అదీ సంగతి. మాకు బోరు లేకపోతే చెట్టు లేదు. చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లు పైగా వేసవిలో. బోర్లు దిగిపోతున్నాయి. ఒకే సుంకం కింద ఈ రెండు తోటలూ పోటీ పడాలట.

విశాఖ_కాగితాలరావు
అయితే అసలు ఆ పంట మనకెందుకు? వాన కురిసే చోట పండేది వాళ్ళను పండించనిద్దాం. మనం పండేది మనం అమ్ముదాం. ఒప్పందాల సిద్ధాంతమే అది కదా.

సత్తుపల్లి_కొత్తతోట
కాగితాలరావు గారి పేరులోనే ఉంది. కాగితం మీద అన్నీ బాగుంటాయి. మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా ఒక్క మూడు వారాలు తలుపు మూస్తే ఏమైందో కామేశ్వరి గారు పైనే రాశారు.

విశాఖ_కాగితాలరావు
పేరు నేను పెట్టుకున్నదే. ముప్పై ఏళ్ళు రేవులో సరుకు విడిపించే పని చేశాను, కాగితాలే నా అన్నం. ఆ కాగితాల సంగతే చెబుతాను.

ఆసియాన్ సరుకుకు తక్కువ సుంకం కావాలంటే సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే ఫారం ఏఐ అనే పుట్టుక ధ్రువపత్రం జతచేయాలి. సరుకు విలువలో కనీసం 35 శాతం ఆసియాన్‌లోనే చేరి ఉండాలి, పైగా ముడిసరుకు ఒక రకంగా వచ్చి వేరే రకంగా మారి ఉండాలి. ఈ పత్రం ఎగుమతి చేసే దేశమే ఇస్తుంది. ఇక్కడ మేము దాన్ని చూసి ముద్ర సరిపోయిందా, సంతకం సరిపోయిందా అని చూసేవాళ్ళం. 35 శాతం నిజంగా ఉందా అని ఎవరు లెక్క కట్టారు? 2020 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాక ఆ వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలన్నారు. అంటే అమలు మొదలయ్యాక పదేళ్ళకు పైగా పట్టింది.

దొడ్డిదారి అంటే ఆసియాన్ ఒక్కటే కాదు. 2017లో జీఎస్టీ వచ్చిన వెంటనే దక్షిణ కొరియా నుంచి బంగారు నాణేలు ముంచెత్తాయి. ఒప్పందం ప్రకారం సున్నా సుంకం మరి. కొరియాలో బంగారు గనులు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు!

కర్రీపాయింట్_కామేశ్వరి
ఉన్నాయా?

విశాఖ_కాగితాలరావు
నాణేలు అయితే వచ్చాయి. ఆగస్టు చివర ప్రభుత్వం ఆపింది.

చింతపల్లి_మిరియం
మిరియాలకు ఇదే జరిగింది. మా కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియం తీగలు పాకించాం. వియత్నాం మిరియం నేరుగా వస్తే సుంకం 50 దాకా. శ్రీలంక మీదుగా శ్రీలంక సరుకు పేరుతో వస్తే చాలా తక్కువ. శ్రీలంకతో మనకు 2000 నుంచి విడి ఒప్పందం ఉంది. వ్యాపారులకు ఇంతకంటే ఏం కావాలి? 2017 డిసెంబరులో కిలో 500 రూపాయలకు తక్కువైతే దిగుమతి కుదరదని కనీస ధర పెట్టారు. అప్పటికి మా కొనుగోలుదారు ధర కోసేశాడు.

ఇంకో మాట. ఈ ఒప్పందం వచ్చినప్పుడు మన వైపు ఎవరికీ పట్టలేదు. కేరళలో 2009 అక్టోబరు 2న కాసరగోడ్ నుంచి తిరువనంతపురం దాకా మానవహారం కట్టారు. మన దగ్గర పామాయిల్ తోటలు, కాఫీ తోటలు రెండూ ఉన్నా చిన్న ధర్నా జరిగినట్టు గుర్తు లేదు.

పాఠాలమేడమ్
కాఫీ విషయంలో మాత్రం కథ ఒకే రంగులో లేదు మిరియం గారూ. అరకు, చింతపల్లి పండించేది నీడలో పెరిగే అరబికా. వియత్నాం పండించేది ఎక్కువగా రోబస్టా. నేరుగా పోటీ తక్కువ. మరోవైపు గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. బయటి గింజ తెచ్చుకుని పొడి చేసి విదేశాలకు అమ్ముతుంది. ఆ సంస్థే వియత్నాంలోనూ ఫ్యాక్టరీ పెట్టింది. అంటే గింజ దగ్గర ఆగిపోయినవాడికి పోటీ కనిపిస్తుంది, పొడి దాకా వెళ్ళినవాడికి చవక ముడిసరుకు కనిపిస్తుంది. ఒప్పందం అదే.

చింతపల్లి_మిరియం
గింజ దగ్గర ఆగిపోయినవాడు కావాలని ఆగలేదు మేడమ్. పొడి యంత్రం కొండ ఎక్కలేదు.

నైవాషా_గులాబీ
మొదటి టపాలో "కూటమి ఒప్పందాలతో ఎదిగిన దేశం ఉందా" అని అడిగారు. అసలు రెండు కూటముల మధ్య ఒప్పందం ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. కెన్యాలో నైవాషా సరస్సు పక్క పూల తోటలో లెక్కలు చూస్తాను. మాది అనంతపురం.

ఇక్కడి గులాబీలు రాత్రికి రాత్రి విమానంలో ఆమ్‌స్టర్‌డామ్ వేలానికి వెళ్తాయి. ఐరోపా సమాఖ్యకు సుంకం లేకుండా వెళ్ళేవి. అయితే ఆ వెసులుబాటు శాశ్వతంగా ఉండాలంటే తూర్పు ఆఫ్రికా సముదాయం అంతా కలిసి ఐరోపాతో ఒప్పందం చేసుకోవాలన్నారు. సముదాయం అంటే అప్పుడు కెన్యా, ఉగాండా, టాంజానియా, రువాండా, బురుండి. చర్చలు సాగి సాగి 2014 అక్టోబరు 1 గడువు దాటిపోయింది. అప్పటి నుంచి మా పూల మీద 8.5 శాతం దాకా సుంకం. ఆ ఏడాది చివరిదాకా కట్టాం. తెల్లవారుజామున నాలుగింటికి పూలు కోసే ఆడవాళ్ళకు బ్రస్సెల్స్‌లో ఏం జరుగుతోందో ఏం తెలుసు? ఓవర్‌టైం మాత్రం ఆగింది.

మరి కెన్యాకే ఎందుకు దెబ్బ? మిగతా నాలుగూ అత్యల్ప అభివృద్ధి దేశాల జాబితాలో ఉన్నాయి. వాటి సరుకు ఒప్పందం ఉన్నా లేకపోయినా ఐరోపాలోకి సుంకం లేకుండా వెళ్తుంది, ఆయుధాలు తప్ప. కెన్యా ఆ జాబితాలో లేదు. కాబట్టి ఒప్పందం అవసరం ఒక్క కెన్యాకే. కానీ సంతకం అయిదుగురూ పెట్టాలి, మార్కెట్ అయిదుగురూ తెరవాలి. టాంజానియా ఎందుకు ఒప్పుకుంటుంది? తన కొత్త ఫ్యాక్టరీలు ఐరోపా సరుకు ముందు నిలబడలేవని వెనక్కి తగ్గింది. 2016 సెప్టెంబరులో కెన్యా, రువాండా సంతకం పెట్టాయి, మిగతావాళ్ళు పెట్టలేదు. చివరికి కెన్యా ఒంటరిగా 2023 డిసెంబరులో ఐరోపాతో సంతకం చేసింది. 2024 జులై 1 నుంచి అమలు.

విశాఖ_కాగితాలరావు
అయిదుగురికీ ఉమ్మడి సుంకం ఉంటుంది కదా? కెన్యా ఒక్కటే ఐరోపా సరుకును తక్కువ సుంకంతో రానిస్తే, అది సరిహద్దు దాటి టాంజానియాలోకి వెళ్ళదా?

నైవాషా_గులాబీ
కాగితాలరావు గారు సరైన చోట వేలు పెట్టారు. ఇక్కడ వ్యాపారులు అడిగేదీ అదే. ఉమ్మడి బయటి సుంకం పెట్టుకున్న కూటమిలో ఒకరు విడిగా తలుపు తెరిస్తే లోపలి గోడలు మళ్ళీ లేపాల్సిందే. కెన్యా తన మార్కెట్‌ను ఇరవై అయిదేళ్ళలో మెల్లగా తెరుస్తుంది, కాబట్టి ఆ తలనొప్పి ఇంకా ముదరలేదు.

సత్తుపల్లి_కొత్తతోట
మరి పూల వల్ల కెన్యా ఎదిగిందా లేదా? ఒక్క మాటలో చెప్పండి.

నైవాషా_గులాబీ
ఒక్క మాటలో కుదరదు. నైవాషా ఊరు ఎదిగింది. అద్దెలు పెరిగాయి, బ్యాంకులు వచ్చాయి, బడులు వచ్చాయి. పూలు కోసే మనిషి జీతం మాత్రం నెల చివరికి సరిపోదు. వేలం అక్కడ, మొక్క రకాల హక్కులు అక్కడ, విమానం చాలావరకు వాళ్ళది. ఇక్కడ మిగిలేది ఎండ, నీళ్ళు, చేతులు. సుంకం 8.5 పడినప్పుడు ఈ మూడింటినుంచే కోత పడింది.

సత్తుపల్లి_కొత్తతోట
అదంతా ఒక్క మాటే. ఎదగలేదని.

నైవాషా_గులాబీ
కాదు. ఒప్పందం లేకపోతే పూల తోటలు ఇథియోపియాకు వెళ్ళిపోయేవి. అది అత్యల్ప అభివృద్ధి దేశం, అక్కడినుంచి సుంకం లేదు. అప్పుడు ఆ చాలని జీతం కూడా ఉండేది కాదు. నేను రెండో వైపూ చూశాను కాబట్టి అంటున్నాను.

పాఠాలమేడమ్
గులాబీ గారి టపా నా విద్యార్థులకు చూపిస్తాను. దీనికి ఎదురుగా దక్షిణ అమెరికా కథ పెట్టాలి. మెర్కోసూర్ అనే అక్కడి కూటమి తరఫున బేరానికి దిగింది బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే. ఐరోపాతో చర్చలు 1999లో మొదలుపెట్టారు. 2019లో ఒకసారి అయిపోయిందన్నారు, మళ్ళీ తెరిచారు. 2024 డిసెంబరు 6న మాంటెవిడియోలో ముగించామన్నారు. పాతికేళ్ళు! ఎందుకు అంత ఆలస్యం? ఐరోపాకు తన కార్లు అమ్ముకోవాలని ఉంది, మెర్కోసూర్‌లో కార్ల మీద 35 శాతం సుంకం ఉంది. మెర్కోసూర్‌కు తన మాంసం అమ్ముకోవాలని ఉంది, ఫ్రాన్స్ రైతులు ట్రాక్టర్లతో రోడ్లు మూస్తారు. చివరికి గొడ్డుమాంసానికి 99 వేల టన్నుల కోటా, దాని మీద 7.5 శాతం సుంకం అని గీత గీశారు. అంత ధనిక కూటమి 99 వేల టన్నుల కోసం ఇన్నేళ్ళు కొట్లాడింది. మనం పామాయిల్‌కు కోటా అనే మాటే తేలేదు, శాతం మాత్రమే తగ్గించాం. నాకు కోపం వచ్చేది ఇక్కడ.

విశాఖ_కాగితాలరావు
మేడమ్, బ్రెజిల్ ఫ్యాక్టరీల మాట కూడా చెప్పండి. గొడ్డుమాంసం అమ్ముకుని కార్లు కొనుక్కుంటే అది ఎదగడమా?

పాఠాలమేడమ్
బ్రెజిల్ కార్మిక సంఘాలు అడిగేదీ అదే. అందుకే కార్ల సుంకం ఒక్కసారిగా పోదు. పెట్రోలు కార్లకు పదిహేనేళ్ళ మెట్లు, విద్యుత్ కార్లకు ఇంకా ఎక్కువ. అయినా భయం ఉంది. అటు ఉరుగ్వేకు చైనాతో విడిగా ఒప్పందం చేసుకోవాలని ఉంది, పెద్దన్న బ్రెజిల్ ఒప్పుకోదు. కూటమిలో చిన్న దేశానికి బేరశక్తి పెరుగుతుంది కానీ కాళ్ళు కట్టుబడతాయి. కెన్యాది కూడా ఒకరకంగా అదే కదా.

భీమవరం_చెరువు
అందరూ కష్టాలే చెబుతున్నారు. నాకు ఒప్పందం లేకపోవడమే కష్టం. రొయ్యలు వేస్తాను. వియత్నాం 2020 ఆగస్టు 1 నుంచి ఐరోపాతో విడి ఒప్పందం అమలు చేస్తోంది. వాళ్ళ రొయ్యకు చాలావరకు సుంకం పోయింది. మన ముడి రొయ్యకు 4.2 శాతం, ఉడికించినదానికి 7. దానికి తోడు మన కంటెయినర్లలో సగం తెరిచి నమూనా తీస్తారు, యాంటీబయాటిక్ కోసం. ఐరోపా మూసుకుపోతే అమెరికా ఒక్కటే దిక్కు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ 26 శాతం అన్నాడు. ఆ తర్వాత అమలు వాయిదా పడింది, కానీ ప్రకటన వచ్చిన వెంటనే మా గట్టు మీద ధర కోశారు. వాయిదా పడ్డాక ఆ కోత అంత వేగంగా తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

గెలలరైతు_ద్వారకాతిరుమల
చెరువు గారూ, అంటే ఐరోపాతో ఒప్పందం రావాలని మీరు, ఆసియాన్‌తో పోవాలని నేను. ఒకే జిల్లాలో పక్కపక్కనే ఉన్నాం!

భీమవరం_చెరువు
ఇప్పుడు జిల్లాలు వేరు చేశారు లెండి. ఆ గొడవ కూడా లేదు.

తైలం_కాకినాడ
ఒక సంగతి గమనించారా? చెరువు గారి రొయ్య శుద్ధి కేంద్రం ఇక్కడే ఉంది, గడ్డకట్టించి పంపుతారు. కాబట్టి ఒప్పందం వస్తే ఆయనకు లాభం. పామాయిల్‌లో ఆంధ్ర, తెలంగాణ కలిపి దేశంలో దాదాపు మొత్తం ముడి నూనె తీస్తాయి. కానీ దేశం తినేదానితో పోలిస్తే అది పిసరంత. అంత చిన్న సరుకుకు ధర పెట్టేది కౌలాలంపూర్ మార్కెటే. సుంకం 16.5 ఉన్నా 37.5 ఉన్నా అక్కడి ధర సగానికి పడితే మీ గెల ధరా పడుతుంది.

సత్తుపల్లి_కొత్తతోట
అందుకే 2021 ఆగస్టులో 11,040 కోట్ల పామాయిల్ మిషన్ పెట్టి గిట్టుబాటు ధర అన్నారు. అంతర్జాతీయ ధర పడితే తేడా ప్రభుత్వం ఇస్తుందని. అయిదేళ్ళ ముడి నూనె సగటు ధరలో 14.3 శాతం లెక్క. ఆ కాగితం మా దగ్గర అందరూ చదివారు. సుంకం తగ్గించినప్పుడల్లా ఆ తేడా భారం ఖజానా మీదే పడాలి. ఒక చేత్తో సుంకం కోయడం, ఇంకో చేత్తో తేడా కట్టడం... ఎవరు లెక్క వేశారో.

గెలలరైతు_ద్వారకాతిరుమల
పేరుకు గిట్టుబాటు. పక్క రాష్ట్రం ఫ్యాక్టరీ గెలలో నూనె శాతం ఎక్కువ చూపిస్తుంది, మా ఫ్యాక్టరీ తక్కువ చూపిస్తుంది. అదే చెట్టు, అదే గెల. ఒక్కో ఫ్యాక్టరీకి ఇంత ప్రాంతమని జోన్లు పంచేశారు కాబట్టి నాకు నచ్చిన ఫ్యాక్టరీకి అమ్ముకోలేను. ఇండోనేషియా సంగతి తర్వాత, ముందు ఈ సరిహద్దు తీయించండి.

విశాఖ_కాగితాలరావు
అది మాత్రం నిజం. పది దేశాలతో స్వేచ్ఛా వాణిజ్యం, పక్క మండలంతో లేదు.

బగాన్‌దాతో_మనవరాలు
ఇక్కడ చిన్న రైతు తనకు నచ్చిన మిల్లుకు అమ్ముకోవచ్చు. దళారీ మధ్యలో ఉంటాడు, అది మరో బాధ. కానీ రెండు మిల్లులు పోటీపడితే ధర తెలిసిపోతుంది.

గెలలరైతు_ద్వారకాతిరుమల
ఆ మాట మా సంఘంలో చెబుతాను. ఆసియాన్ ఒప్పందం పునఃసమీక్ష 2025లోపు పూర్తి చేస్తామని 2023లో ప్రకటించారు కదా. అందులో పామాయిల్ గురించి రైతుల మాట ఎవరైనా అడిగారా? మేడమ్, మీకు తెలుసా?

పాఠాలమేడమ్
పరిశ్రమ సంఘాలు వినతులు ఇస్తున్నాయి. అవి ఎక్కువగా పుట్టుక నిబంధనల మీద, శుద్ధి చేసిన నూనె తేడా మీద ఉంటాయి. తైలం గారి వైపు బలమైన గొంతు ఉంది. గెలల రైతు తరఫున వినతి ఇవ్వాలంటే మూడు విషయాలు అడగండి. సుంకానికి కింది హద్దు ఉండాలి, అంతకంటే తగ్గితే తేడా అదే నెలలో ఖాతాలో పడాలి. దిగుమతి ఒక పరిమాణం దాటితే పాత సుంకం తిరిగి రావాలి. ఎగుమతి పన్నుల ద్వారా శుద్ధి చేసిన సరుకును తోసే దేశానికి తగ్గింపు వర్తించకూడదు. మొదటిది ఢిల్లీ చేతిలోనే ఉంది, ఎవరితోనూ బేరమాడక్కరలేదు.

తైలం_కాకినాడ
మూడోదానికి మా వైపు నుంచి కూడా సంతకం పెడతాం. మొదటిదానికి పెట్టం.

కర్రీపాయింట్_కామేశ్వరి
మొదటిదానికి నేనూ పెట్టను. కింది హద్దు ఎంతో ముందు చెప్పండి, ఆ తర్వాత చూద్దాం.

గెలలరైతు_ద్వారకాతిరుమల
20 అనుకుంటున్నాం.

కర్రీపాయింట్_కామేశ్వరి
పన్నెండు.

విశాఖ_కాగితాలరావు
ఇదిగో, ఇక్కడ బేరం మొదలైంది. బ్యాంకాక్‌లో కామేశ్వరి గారిని కూర్చోబెట్టి ఉండాల్సింది.